చిన్న బండా, పెద్ద బండా? కారు కడిగే ధరల వెనక విశేషాలు

చంద్రగిరి చుట్టుపక్కల ఏ వాటర్ సర్వీసింగ్ షాపు ముందైనా కారు ఆపి, "అన్నా, కడిగేదానికి ఎంత?" అని అడిగి చూడండి. రేటు కన్నా ముందు ఎదురు ప్రశ్న వస్తుంది: "చిన్న బండా, పెద్ద బండా?" ధర పుట్టేది అక్కడే. ఆ తర్వాత దానికి బోరు నీళ్ళు తోడవుతాయి, మామిడి పూత తోడవుతుంది, పంచాంగం తోడవుతుంది, జీఎస్టీ తోడవుతుంది. అన్నిటినీ మించి కడిగే కుర్రాడి టైము తోడవుతుంది. బోర్డు మీద అంకె రాసేటప్పుడు చాలామంది మరిచిపోయేది సరిగ్గా దాన్నే. ఫోమ్ వాష్ మొదలుకొని సెరామిక్ కోటింగ్ దాకా ఆ అంకెల వెనక ఎన్నో ఆసక్తికరమైన సంగతులున్నాయి.

నాలుగు మీటర్ల గీత

మన దేశంలో చిన్న కారంటే ఏమిటో తేల్చింది పన్నుల చట్టం. 2006 బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి పి. చిదంబరం చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. పొడవు 4,000 మిల్లీమీటర్లు మించకూడదు, ఇంజను పెట్రోలుదైతే 1,200 సీసీ, డీజిలుదైతే 1,500 సీసీ దాటకూడదు అని షరతు. ఆ గీతకు లోబడడానికి కంపెనీలు డిక్కీలను కుదించాయి. 2012లో వచ్చిన మారుతి డిజైర్ పొడవు 3,995 మిల్లీమీటర్లు. అంటే గీతకు అర సెంటీమీటరు ఇవతల ఆగింది. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి దించినప్పుడు కూడా ఇదే నాలుగు మీటర్ల కొలత పనికొచ్చింది.

కడిగేవాళ్ళకు మాత్రం ఈ కొలత చాలదు. మారుతి బ్రెజా పొడవు కూడా సరిగ్గా 3,995 మిల్లీమీటర్లే. పన్నుల శాఖ లెక్కలో పొడవు చూస్తే రెండూ ఒకటే. కానీ బ్రెజా ఎత్తు 1,685 మిల్లీమీటర్లు, డిజైర్ కన్నా జానెడు దాకా ఎక్కువ. దాని టాపు మధ్యలో తుడవాలంటే స్టూలు వేసుకోవాల్సిందే. ఇక తిరుపతి ట్యాక్సీల్లో పేరున్న ఇన్నోవా క్రిస్టా 4,735 మిల్లీమీటర్లు, పైగా మూడు వరసల సీట్లు. దాని లోపల వాక్యూమ్ పట్టేసరికి అవతల ఒక స్విఫ్టు కడగడం అయిపోతుంది. అందుకే రేటును బండి పొడవును బట్టి కాకుండా, ఎంతసేపు పడుతుందో చూసి రాసినవాళ్ళకే ఈ వ్యాపారంలో లెక్క కుదురుతుంది.

ఎనిమిది కార్ల రోజు

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహించినవి, ఎవరి షాపు అంకెలు వాళ్ళు పెట్టుకోవచ్చు. అద్దె నెలకు రూ.15,000. ఇద్దరు కుర్రాళ్ళ జీతాలు రూ.28,000. కరెంటు రూ.6,000. కంప్రెసరు, లిఫ్టు, వాక్యూమ్ కొన్న అప్పుకు కంతు రూ.11,000. వెరసి రూ.60,000. వారానికో సెలవు, ఒక వాన రోజు పోతే నెలలో పని జరిగేది 25 రోజులు. అంటే తాళం తీసిన రోజల్లా రూ.2,400 ఖర్చు, ఒక్క కారు రాకపోయినా సరే.

షాపు పది గంటలు తెరిచి ఉన్నా కారు నిజంగా చేతిలో ఉండేది ఆరు గంటలు అనుకుందాం. అప్పుడు గంట ఖరీదు రూ.400. ముప్పావు గంట పట్టే కారుకు రూ.300 అక్కడికే అయిపోయింది. షాంపూ, టైర్ పాలిష్, గుడ్డలు కలిపి మరో రూ.50. బోర్డు మీద రూ.500 ఉంటే మిగిలేది రూ.150. ఆరు గంటల్లో ఎనిమిది కార్లు వెళ్తే రోజుకు రూ.1,200. పొద్దున్నుంచి రాత్రి దాకా అక్కడే నిలబడిన ఓనరు కూలి కూడా ఆ పన్నెండొందల్లోనే ఉంది. ఐదు కార్లకే షట్టరు దించిన రోజు జేబులోంచి రూ.150 ఎదురు పెట్టుకోవాలి. ఆరో కారు వచ్చాకే లాభం మొదలు.

ఇప్పుడు ఎదురుగా కొత్త షాపు పెట్టినవాళ్ళు రూ.450 అని బోర్డు కట్టారు. మనమూ దించాం. అదే ఎనిమిది కార్లకు మిగిలేది రూ.1,200 కాదు, రూ.800. ధర తగ్గింది పదో వంతు, లాభం పోయింది మూడో వంతు. పోయిన రూ.400 తిరిగి రావాలంటే రోజుకు ఇంకొక్క కారు చాలు, లెక్క ప్రకారం పెద్ద కష్టమేమీ కాదు. కానీ ఆ ఆరు గంటలూ నిండిపోయాయి. తొమ్మిదో కారు కడగాల్సింది దీపాలు పెట్టాక, నీళ్ళలో నాని చేతులు ముడతలు పడిన కుర్రాళ్ళే. నెలజీతం అదే. ఎదుటివాళ్ళ బోర్డు చూసి ధర తగ్గించినప్పుడు ఆ యాభై రూపాయలు ఎవరి ఒంట్లోంచి వస్తున్నాయో ఇక్కడ కనిపిస్తుంది. ఈ ఒక్క లెక్క ప్రతి షాపులోనూ గోడకు అతికించుకోవాలని నా కోరిక.

మంగళవారం పదకొండు గంటలు

అదే లెక్కను తిరగేస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. మంగళవారం పొద్దున్న పదకొండింటికి కుర్రాళ్ళు ఊరికే కూర్చుని ఉన్నారు. అద్దె, జీతం ఎలాగూ నడుస్తున్నాయి. ఆ గంటలో వచ్చే కారుకు కొత్తగా అయ్యే ఖర్చు షాంపూకూ గుడ్డకూ పట్టే రూ.50 మాత్రమే. రూ.400కు కడిగినా రూ.350 లాభమే. కాబట్టి తగ్గింపు ఇవ్వదలచుకుంటే ఖాళీ గంటలకు ఇవ్వాలి, ఆదివారం సాయంత్రానికి కాదు. విమానాల కంపెనీలు, హోటళ్ళు దశాబ్దాలుగా నడుపుతున్న పద్ధతి ఇదే. తిరుపతిలో వైకుంఠ ఏకాదశికి లాడ్జి గది అద్దెను మామూలు రోజు అద్దెతో పోల్చి చూసినవాళ్ళకు దీన్ని విడిగా చెప్పనక్కర్లేదు.

పంచాంగం చెప్పే రేటు

ఈ వ్యాపారంలో గిరాకీకి తిథి వార నక్షత్రాలు బాగా తెలుసు. ఆయుధపూజ ముందు రోజు ఏ షాపు చూసినా లైను రోడ్డు మీదికొస్తుంది. ముహూర్తాలున్న నెలల్లో పెళ్ళి కార్లు. శ్రీనివాసమంగాపురం కల్యాణ వేంకటేశ్వరుడి దర్శనానికి కొత్త దంపతులు వచ్చే దారి కావడంతో, పూలదండలు కట్టిన టేపు జిగురు బానెట్టు మీద మిగిలిపోయిన కార్లు ఇక్కడ తరచూ కనిపిస్తాయి. ఆ జిగురును గోటితో గీకితే పెయింటు పోతుంది. ద్రావకం వేసి నాననిచ్చి, మెత్తటి గుడ్డతో తీయాలి. ఆ పనికి పట్టే సమయం మామూలు వాష్ రేటులో లేదు. ఆషాఢం వచ్చిందంటే పెళ్ళిళ్ళు బందు, వానలు మొదలు, షాపులు వెలవెల. ఏడాది పొడుగునా ఒకే రేటు పెట్టినవాళ్ళు ఆషాఢంలో చేసిన అప్పును దసరాకు తీరుస్తుంటారు.

పసుపు ఎర్రబడేది ఎందుకు?

కొత్త కారు కొంటే కాణిపాకం వినాయకుడి దగ్గర వాహన పూజ చేయించడం మన జిల్లాల్లో ఆనవాయితీ. తెల్ల కారు బానెట్టు మీద పసుపుతో స్వస్తికం, పైన కుంకుమ బొట్లు. వారం తర్వాత కడగడానికి తెస్తే, సబ్బు నురుగు తగలగానే ఆ పసుపు గీత ఉన్నట్టుండి ఎర్రగా మారుతుంది. కారు ఓనరు గుండె ఆగినంత పనవుతుంది. ఏమీ కాలేదు. పసుపులో రంగునిచ్చే కర్‌క్యుమిన్ అనే పదార్థం క్షారం తగిలితే ఎర్రబడుతుంది. మన అమ్మమ్మలు పసుపులో సున్నం కలిపి కుంకుమ చేసుకున్నది ఈ గుణంతోనే. క్షారం ఎక్కువున్న బట్టల సబ్బు, గిన్నెల సబ్బు వాడితే ఇలా అవుతుంది. కార్ల కోసం చేసే తటస్థ షాంపూ వాడితే కాదు.

మిగిలిన పసుపు మరకకు చవకైన వైద్యం ఎండ. కర్‌క్యుమిన్ వెలుతురుకు తట్టుకోలేదు. కొన్నాళ్ళు ఎండలో నిలిపితే మరక దానంతటదే వెలిసిపోతుంది. అలాంటి మరక కోసం పాలిష్ పెట్టి బిల్లు వేయకుండా, "నాలుగు రోజులు ఎండలో పెట్టన్నా, పోతుంది" అని చెప్పి పంపే షాపును నమ్మొచ్చు. ఆ కస్టమరు మళ్ళీ మళ్ళీ వస్తాడు.

మామిడి చెట్టు నీడ

జనవరి, ఫిబ్రవరి నెలల్లో మామిడి పూత మీద తేనెమంచు పురుగు చేరుతుంది. పూత రసం పీల్చి, తీయటి జిగట ద్రవాన్ని కిందికి వదులుతుంది. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో మామిడి తోటల సంగతి తెలిసిందే, నీడ కోసం చెట్టు కింద కారు పెడితే అద్దం నిండా బంక పడుతుంది. ఆలస్యం చేస్తే దాని మీద నల్లటి బూజు పడుతుంది. ప్రెషర్ గన్ను ఒక్కటే కొడితే పోదు. గోరువెచ్చని నీళ్ళు, నురుగు, కాసేపు నానబెట్టడం, మళ్ళీ కడగడం. పక్షి రెట్ట సంగతి ఇంకా ఘోరం. అందులోని యూరిక్ ఆమ్లం ఎండకు వేడెక్కిన పెయింటును గుంట పడేలా తినేస్తుంది. అనుభవమున్న షాపు యజమాని బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాకే ధర చెప్పడానికి కారణం ఇలాంటివే.

ఘాటు దిగిన చక్రం

తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరుచుకుంది, రెండోది 1974లో. ఇప్పుడు ఎక్కేది కొత్త దారిలో, దిగేది పాత దారిలో. ఆ మలుపుల్లో బ్రేకు నొక్కుతూ దిగిన ప్రతి కారు ముందు చక్రాల మీద గోధుమరంగు పొడి పేరుకుంటుంది. అది మట్టి కాదు. బ్రేకు డిస్కు అరిగి రాలిన ఇనుప రజను, ప్యాడ్ల పొడి. వేడి మీద అల్లాయ్ చక్రానికి అతుక్కుని, తడి తగిలితే తుప్పు పడుతుంది.

దీన్ని తీసే ద్రవాన్ని ఐరన్ రిమూవర్ అంటారు. చల్లినప్పుడు రంగు ఉండదు. రెండు మూడు నిమిషాల్లో చక్రం మీంచి ఊదా రంగు ధారలు కారడం మొదలవుతుంది. అందులోని థయోగ్లైకొలేట్ అనే రసాయనం ఇనుముతో కలిసి ఆ రంగిస్తుంది. బ్యూటీ పార్లర్లలో జుట్టుకు ఉంగరాలు తిప్పే మందులో ఉండేదీ ఆ జాతి రసాయనమే, అందుకే రెండిటికీ ఒకే రకం ఘాటు వాసన. ఆ సీసా ఖరీదు ఎక్కువ. అందుకని కొన్ని చోట్ల చవకగా దొరికే గాఢమైన యాసిడ్ వాడతారు. చక్రాలకు వాడే కొన్ని యాసిడ్లలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అది చర్మం దాటి లోపలికి ఇంకుతుంది, మొదట్లో నొప్పి కూడా తెలియకపోవచ్చు, ఒంట్లోని కాల్షియాన్ని పట్టుకుని ప్రాణం మీదికి తెస్తుంది. గ్లౌజులు కూడా లేని కుర్రాడి చేత దాన్ని వాడించి మిగుల్చుకున్న పది ఇరవై రూపాయలను లాభమని నేను అనలేను.

కొండ దిగిన సీట్లు

కల్యాణకట్టలో గుండు చేయించుకుని, చల్లగా గంధం రాసుకుని, కారెక్కి వెనక్కి వాలిన భక్తుడికి హాయిగానే ఉంటుంది. సీటు తలదిండు మీద మాత్రం గంధం అచ్చు పడుతుంది, సందుల్లో సన్నటి వెంట్రుక ముక్కలు గుచ్చుకుంటాయి. లడ్డూ సంచిలోంచి కారిన నెయ్యి మ్యాటు కింద చీమలను పిలుస్తుంది. తిరుపతి చుట్టుపక్కల ఇంటీరియర్ క్లీనింగ్ చేసేవాళ్ళకు ఇవన్నీ రోజువారీ పనులు. వాక్యూముకు లొంగని వెంట్రుకలను రబ్బరు బ్రష్షుతో ఒకే దిక్కుకు లాగి తీస్తారు. ట్యాక్సీ నడిపేవాళ్ళకు ఈ పని నెలకోసారి తప్పదు, సొంత కారువాళ్ళకు ఏడాదికోసారి. కాబట్టి ట్యాక్సీలకు నెలవారీ లెక్కన తక్కువ రేటు మాట్లాడుకోవడం రెండు వైపులా లాభమే.

పెయింటు ఎంత మందం?

కంపెనీ నుంచి వచ్చిన కారు మీద అన్ని పొరలూ కలిపి పెయింటు మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. ఒక మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మెరుపునిచ్చే పై పొర క్లియర్ కోట్ అందులో 40, 50 మైక్రాన్లే. మనిషి వెంట్రుక కన్నా పలచన! గీతలు పోవాలని రబ్బింగ్ చేసిన ప్రతిసారీ ఆ పొరలోంచి కొంత పోతుంది. అంటే పాలిష్ పనిలో కస్టమరు ఆస్తినే కొంచెం ఖర్చు పెడుతున్నారు. మందం కొలిచే మీటరు దగ్గర పెట్టుకుని, ముందు కొలిచి తర్వాత మిషను పట్టేవాళ్ళు ఎక్కువ అడిగితే, ఇచ్చేయడం మంచిది.

నల్ల కారుకు పాలిష్ రేటు ఎక్కువ చెప్తే మోసం అనుకోకండి. సన్నటి వలయాల గీతలు తెల్ల కారు మీదా ఉంటాయి, కంటికి ఆనవు. నలుపు మీద ఎండలో ప్రతి గీతా లెక్కపెట్టొచ్చు. అవన్నీ పోయేదాకా పని ఆపడానికి లేదు.

9హెచ్ అంటే పెన్సిల్

సెరామిక్ కోటింగ్ ప్రకటనల్లో 9హెచ్ గట్టిదనం అని పెద్దక్షరాల్లో వేస్తారు. వజ్రం 10 కదా, ఇది 9 అంటే దాదాపు వజ్రమే అనుకుంటారు జనం. వజ్రం 10 అనేది ఖనిజాలను కొలిచే మోస్ స్కేలు. ఈ 9హెచ్ వేరు, అది పెన్సిల్ పరీక్ష. మెత్తటి బీ పెన్సిళ్ళ నుంచి గట్టి హెచ్ పెన్సిళ్ళ దాకా ఒక్కొక్కదానితో గీసి, ఏది గీత పెట్టలేకపోయిందో చూస్తారు. అందులో అన్నిటికన్నా గట్టి పెన్సిల్ 9హెచ్. దాన్ని తట్టుకుంది అని అర్థం, అంతే. రాయి తగిలితే గీత పడుతుంది.

మరి సెరామిక్‌కు వేలకు వేలు ఎందుకు? సీసాలో ఉండేది సిలికా ఆధారంగా చేసిన ద్రవం, ఒక కారుకు 30 నుంచి 50 మిల్లీలీటర్లు సరిపోతుంది. డబ్బంతా దాని కన్నా ముందు జరిగే పనికి. కడగడం, బంకమట్టిలాంటి క్లే ముద్దతో రుద్ది మురికి లాగడం, పాలిష్, నూనె జాడ లేకుండా తుడవడం, అప్పుడు కోటింగు, ఆపై ఆరేదాకా దుమ్ము పడకుండా కాపలా. ఒకటి రెండు రోజులు షాపులో ఆ చోటు ఇంకే కారుకూ దొరకదు. ఈ పని సగంలో ఆపి సీసా మాత్రం పూసేస్తే, గీతలన్నీ పొర కింద భద్రంగా నిలిచిపోతాయి. చాలా చవకగా సెరామిక్ చేస్తామన్నారంటే ఏ పని ఎగ్గొడుతున్నారో అడగాలి.

మారుతి 800 ధరకు ఒక తొడుగు

1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా అందించినప్పుడు దాని ధర సుమారు రూ.47,500. ఇవాళ పెద్ద కారుకు నిలువెల్లా మంచి పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) తొడుగు వేయిస్తే బిల్లు దానికి రెట్టింపు దాటుతుంది. రూపాయి విలువ అప్పటిదీ ఇప్పటిదీ ఒకటి కాదు, నిజమే. అయినా చెప్పుకోదగ్గ సంగతి. ఈ పారదర్శక పాలీయురెథేన్ పొర మొదట కార్ల కోసం పుట్టలేదు. వియత్నాం యుద్ధ కాలంలో హెలికాప్టర్ రెక్కలను రాళ్ళూ ఇసుకా కొట్టకుండా కాపాడడానికి 3ఎం కంపెనీ చేసిన పని అది.

వెయ్యి అడుగుల నీళ్ళు

రాయలసీమ ఈ మూలలో బోరు ఎంత లోతుకు పోతే నీళ్ళలో లవణాలు అంత ఎక్కువ కనిపిస్తాయి. అలాంటి నీళ్ళతో మిట్టమధ్యాహ్నం కారు కడిగి ఎండకు వదిలేస్తే, చుక్క ఆరిన ప్రతి చోటా తెల్లటి వలయం. కాల్షియం, మెగ్నీషియం అక్కడే ఉండిపోతాయి. వినెగరులాంటి తేలికపాటి ఆమ్లంతో తీయాలి, ముదిరితే పాలిష్ దాకా పోతుంది. నీళ్ళను మెత్తబరిచే యంత్రం పెట్టుకున్న షాపు నాలుగు డబ్బులు ఎక్కువ అడగడంలో న్యాయం ఉంది. అది పెట్టుకోలేనివాళ్ళు కనీసం నీడలో కడిగి, పైనుంచి కిందికి వెంటనే తుడిస్తే సగం బాధ తప్పుతుంది.

నీటికి ఇప్పుడు ఇంకో ధర కూడా ఉంది. 2024 మార్చిలో బెంగళూరు నీటి సరఫరా సంస్థ తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి, పట్టుబడితే రూ.5,000 జరిమానా అంది. 2002లో వచ్చిన మన వాల్టా చట్టం భూగర్భ జలాల వాడకానికి అనుమతులూ హద్దులూ పెట్టింది. తొట్టి కట్టి, నూనెను వేరుచేసి, నీళ్ళను మళ్ళీ మొదటి కడుగుకు వాడుకునే ఏర్పాటు నేడు ఖర్చుగా కనిపిస్తుంది. అది లేకపోతే ఆ నూనె నీళ్ళు చివరికి స్వర్ణముఖి నది వైపే పోతాయి.

బోర్డులో మూడు వరసలు

1992లో ఇటమార్ సైమన్‌సన్, ఏమస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు రెండు కెమెరాలు చూపించారు, ఒకటి 170 డాలర్లు, రెండోది 240. సగం మంది అదీ సగం మంది ఇదీ ఎంచుకున్నారు. 470 డాలర్ల మూడో కెమెరా పక్కన పెట్టి ఇంకో గుంపును అడిగితే, 240ది కావాలన్నవాళ్ళు 57 శాతం అయ్యారు. జనం చివర్లను వదిలి మధ్యకు జరుగుతారు. ఫోమ్ వాష్, ఫోమ్ వాష్‌తో ఇంటీరియర్, రెండిటితోపాటు పాలిష్ అని మూడు వరసలు రాసిన బోర్డులో మధ్య వరస ఎక్కువ పోవడానికి కారణం ఇదే. ఆ మధ్య పనిని అందరికన్నా శ్రద్ధగా చేయగలిగితేనే అలా రాయాలి.

రూ.499 అని రాయడం మనకు బాటా చెప్పుల షాపు నుంచి అలవాటు. 2003లో ఎరిక్ ఆండర్సన్, డంకన్ సిమెస్టర్ అమెరికాలో దుస్తుల క్యాటలాగులతో పరీక్షించి చూస్తే, 34 డాలర్లకన్నా, 44 డాలర్లకన్నా 39 డాలర్ల ధరకే ఎక్కువ అమ్ముడైంది. ఫోన్‌పేలతో చిల్లర గొడవ పోయింది కాబట్టి రూ.499 ఇప్పుడు ఇబ్బంది లేదు. వేలల్లో ఉండే కోటింగు పనికి మాత్రం గుండు అంకె చెప్తేనే నమ్మకంగా ఉంటుందని నా అభిప్రాయం.

ఇరవై లక్షల మెట్టు

సేవల వ్యాపారంలో ఏడాది టర్నోవరు రూ.20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. మన ఎనిమిది కార్ల షాపు ఏడాదికి రూ.12 లక్షలు చేస్తుంది, మెట్టు కిందే ఉంది. రెండో లిఫ్టు పెట్టి గిరాకీ రెట్టింపయితే రూ.24 లక్షలు. అప్పుడు పన్ను 18 శాతం. బోర్డు మీద రూ.500 అలాగే ఉంచి అందులోంచే పన్ను కట్టాలంటే సుమారు రూ.76 పోతుంది, షాపుకు వచ్చేది రూ.424. రూ.150 లాభంలో సగం పైగా ఒక్క దెబ్బకు మాయం. రూ.50 లక్షల లోపు వాళ్ళకు 6 శాతం కాంపోజిషన్ పద్ధతి ఉంది, కానీ ఆ పన్నును కస్టమరు దగ్గర విడిగా వసూలు చేయకూడదు. షాపు పెద్దది చేసే ముందే కొత్త రేటు తేల్చుకోవాలి, తర్వాత కాదు.

ఎంఆర్‌పీ లేని సరుకు

షాంపూ సీసా మీద ఎంఆర్‌పీ ఉంటుంది. ఆ షాంపూతో కడిగినందుకు ఎంఆర్‌పీ లేదు. సేవకు ధర పెట్టుకునే స్వేచ్ఛ షాపుదే. అయితే బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. ఫిర్యాదులకు జాతీయ హెల్ప్‌లైను 1915.

ధర అందరికీ ఒకటే అని ముందే రాసిపెట్టడం పాత ఆలోచనే. 1673లో ఇప్పటి టోక్యోలో మొదలైన ఎచిగోయా బట్టల దుకాణం బేరం లేని నగదు ధరలతో పేరు తెచ్చుకుంది. చంద్రగిరికీ కాగితం విలువ ఎప్పుడో తెలుసు. చంద్రగిరి రాయల ఏలుబడిలోనే 1639లో దామర్ల వేంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కంపెనీకి మద్రాసు నేలకు పట్టా రాసిచ్చాడు, 1645లో శ్రీరంగరాయలు దాన్ని మళ్ళీ ఖాయం చేశాడు. పాతిక వేల కోటింగు పనికి కూడా ఒక కాగితం ఉండాలి. ముందే ఉన్న గీతలు, సొట్టలు, చేసే పనులు, వారంటీ షరతులు అందులో రాసి, ఇద్దరూ సంతకం పెడితే తర్వాత మాట పట్టింపు రాదు.

డెట్రాయిట్ లాండ్రీ

కార్లు కడగడమే పనిగా పెట్టుకున్న తొలి దుకాణాల్లో ఒకటి 1914లో అమెరికాలోని డెట్రాయిట్‌లో వెలిసింది. పేరు ఆటోమొబైల్ లాండ్రీ. నడిచింది మాత్రం మనుషుల చేతులతోనే. కారును చేత్తో తోసుకుంటూ వెళ్తే ఒకరు సబ్బు పెట్టేవాళ్ళు, ఒకరు కడిగేవాళ్ళు, ఒకరు ఆరబెట్టేవాళ్ళు. అదే ఏడాది జనవరిలో, అదే ఊళ్ళో హెన్రీ ఫోర్డ్ తన కార్మికుల రోజు కూలిని దాదాపు రెట్టింపు చేసి 5 డాలర్లన్నాడు, పనిగంటలు ఎనిమిదికి తగ్గించాడు. మాటిమాటికీ పని మానేసి వెళ్ళిపోయే కార్మికులు నిలబడ్డారు. పని నేర్చిన కుర్రాడు నెలకొకడు మారిపోతుంటే తలపట్టుకునే షాపులకు ఆ కబురు ఇప్పటికీ పనికొస్తుంది. మన దగ్గర ఇంకో మాట కూడా చెప్పాలి. కుటుంబం సొంత పనుల్లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, 14 ఏళ్ళలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదని 2016 చట్ట సవరణ. తక్కువ రేటు బోర్డు వెనక చిన్న చేతులు కనిపిస్తే అక్కడ కారు ఆపకండి.

పది గళ్ళ కార్డు

ధరల మీద జరిగిన పరిశోధనల్లో కారు వాష్ షాపులోనే జరిగిన మంచి ప్రయోగం ఒకటుంది. జోసెఫ్ న్యూన్స్, జేవియర్ డ్రెజ్ 2006లో ప్రచురించారు. అమెరికాలో ఒక కారు వాష్‌కు వచ్చిన 300 మందికి కార్డులిచ్చారు. సగం మందికి ఎనిమిది గళ్ళు, ఎనిమిది ముద్రలు పడితే ఒక వాష్ ఉచితం. మిగతా సగానికి పది గళ్ళు, కానీ రెండు ముద్రలు ముందే వేసి ఇచ్చారు. ఇద్దరూ కడిగించాల్సింది ఎనిమిదిసార్లే. మొదటి గుంపులో కార్డు నింపినవాళ్ళు 19 శాతం, రెండో గుంపులో 34 శాతం. బయల్దేరిపోయాం అనిపిస్తే మనిషి మధ్యలో ఆగడు.

ఇలాంటి కార్డు అచ్చు వేయించే ముందు చిన్న లెక్క చూసుకోవాలి. ఎనిమిదింటికి ఒకటి ఉచితం అంటే తొమ్మిది కార్లకు ఎనిమిది కార్ల డబ్బు, తగ్గింపు 11 శాతం. పదింటికి ఒకటి అంటే 9 శాతం. ఆ ఉచిత వాష్ సోమవారం నుంచి గురువారం దాకా, మధ్యాహ్నం లోపు మాత్రమే చెల్లుతుందని కార్డు వెనక రాస్తే, ఉచితంగా కడిగిన కారుకు షాపు పెట్టే ఖర్చు రూ.50.